పొలం పొలంగా మిగలాలంటే ఎవరు చెల్లించాలి?

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు గండిపేట ఎగువ పల్లెల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. సెలవు రోజుల్లో సొంత చేలో పని చేసుకున్నారు. భూమి గురించి మాట్లాడమని వారి కుటుంబం అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవాణ్ణి కనుక పొలం నాకు ఎక్కువగా కాగితం మీదే పరిచయం. సర్వే నంబరు, హద్దులు, హక్కుదారు పేరు, మార్కెట్ విలువ. ఈ సాయంత్రం కూడా ఆ దారినే వస్తాను.

నేను చెప్పదలచినది ఇదీ. నగరానికి తాగునీరు, పచ్చదనం, ఖాళీ జాగా కావాలంటే వాటి ఖరీదు నగరమే కట్టాలి. ఆ ఖరీదును ఎగువ రైతు ఒక్కడి నెత్తిన రుద్దిన ఏ ఉత్తర్వూ, ఎంత మంచి ఉద్దేశంతో పుట్టినా, ఎక్కువ కాలం నిలబడదు.

మన ఇంటి సంగతితోనే మొదలుపెడతాను. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ తర్వాతే మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. వరద ఆపడానికి కట్టిన చెరువులే నగరానికి తాగునీరిచ్చాయి. వాటి క్యాచ్‌మెంట్ చెడిపోకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. రెండు జలాశయాల నుంచి 10 కిలోమీటర్ల పరిధి, 84 గ్రామాలు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు. పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, ఇళ్ల కాలనీలు వద్దు. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే, అది చెల్లదని 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాగునీటి విషయంలో సందేహం ఉంటే ముందు జాగ్రత్తకే మొగ్గాలని ఈ కేసులో కోర్టు చెప్పిన సూత్రాన్ని నేటికీ న్యాయవాదులు ఉదహరిస్తారు.

జీవో మంచిదే. దాని ఉద్దేశాన్ని నేను ఈనాటికీ సమర్థిస్తాను. కానీ ఆ 84 ఊళ్ల వైపు నుంచి ఒక్కసారి చూడండి. హద్దుకు ఇవతల ఊరి రైతుకు ఎకరా ధర ఏటేటా పెరిగింది. హద్దుకు అవతల రైతుకు, అదే నేల, అదే వాన, ధర మాత్రం వెనకబడింది. బిడ్డ పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో అమ్ముకోవలసి వచ్చినవాడు చవకగా అమ్ముకున్నాడు. కొన్నవాడు ఎవరు? ఆంక్షలు ఏనాటికైనా ఎత్తేస్తారని నమ్మి, అప్పటిదాకా ఆగగల స్తోమత ఉన్నవాడు. పొలం రైతు చేతి నుంచి ఫామ్‌హౌస్ ప్రహరీ వెనక్కి పోయింది. నిషేధం రైతును కాపాడలేదు, పంటనూ కాపాడలేదు. చివరికి ఊళ్లన్నీ కలిసి జీవో ఎత్తేయమని అడిగాయి. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69వ జీవో వచ్చింది. 2023 మే నెలలో మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేస్తామని తీర్మానించింది. పర్యావరణం కోరేవారు రైతును తిట్టారు, రైతులు పర్యావరణం మాటెత్తితేనే మండిపడ్డారు. ఆ రెండు వర్గాల మధ్య పగ పెరగడానికి కారణం ఒక్కటే. ఈ ఇరవై ఏడేళ్లలో ఆ రైతులు వదులుకున్న దానికి వెల కట్టి చెల్లించే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

ఇదే చిక్కును ఇంకో చోట ఇంకోలా విప్పారు. ఆ చోటు న్యూజెర్సీ.

మనలో చాలామందికి అది పిల్లలు ఉద్యోగాలు చేసే రాష్ట్రం. ఎడిసన్, ప్లెయిన్స్‌బరో, మన్రో పేర్లు ఈ సభలో కొత్తవి కావు. మా అమ్మాయి కుటుంబమూ అక్కడే ఉంది. నేల విస్తీర్ణంలో ఆ రాష్ట్రం మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఇంచుమించు సమానం. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నవారు దాదాపు 93 లక్షలు. అమెరికాలో జన సాంద్రత ఎక్కువ ఉన్న రాష్ట్రం అదే. ఒకవైపు న్యూయార్క్, మరోవైపు ఫిలడెల్ఫియా, నడుమ హైవేలు. అలాంటి చోట నేల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో హైదరాబాదు వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

అయినా అక్కడ ఇప్పటికి 2.4 లక్షల ఎకరాలకు పైగా సాగుభూమి శాశ్వతంగా సాగుభూమిగానే ఉండేలా దస్తావేజుల్లోకి ఎక్కింది. పార్కులు, అడవులు, నదీ తీరాల కోసం కొన్నది దీనికి అదనం.

ఇది ఒక్క రోజున జరగలేదు. 1961 నవంబరులో అక్కడి ఓటర్లు 'గ్రీన్ ఏకర్స్' పేరిట 6 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. ఆ అప్పుతో రాష్ట్రం ఖాళీ నేలలు కొని ప్రజలకు వదిలింది. పొలాలకు మాత్రం ఆ పద్ధతి సరిపోదు. ప్రభుత్వం పొలం కొనేస్తే దున్నేదెవరు? అందుకని 1964లో పన్ను చట్టం మార్చారు. అయిదెకరాలకు తగ్గకుండా నిజంగా సాగులో ఉన్న నేలకు రియల్ ఎస్టేట్ ధర మీద కాక, పంట దిగుబడి విలువ మీద ఆస్తిపన్ను వేస్తారు. ఆ పొలాన్ని తర్వాత వేరే వాడకానికి మారిస్తే ఆ ఏడాదికీ, అంతకు ముందు రెండేళ్లకూ తగ్గించిన పన్ను వెనక్కి కట్టాలి. ఇది కొంత ఊపిరినిచ్చింది. బిల్డరు చెక్కుబుక్కుతో గుమ్మంలోకి వస్తే ఆపగలిగినంత ఊపిరి మాత్రం కాదు.

దారి చూపింది పక్క రాష్ట్రంలోని ఒక కౌంటీ. న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలండ్ తూర్పు కొసన సఫోక్ కౌంటీ ఉంది. ఒకప్పుడు బంగాళాదుంప పొలాలకు పేరు. 1974లో, జాన్ క్లైన్ కౌంటీ అధిపతిగా ఉన్నప్పుడు, అక్కడ ఒక కొత్త చట్టం తెచ్చారు. పొలం రైతు దగ్గరే ఉంటుంది, అందులో ఇళ్లు కట్టే హక్కును మాత్రం కౌంటీ కొంటుంది. 1977లో మొదటి కొనుగోళ్లు జరిగాయి. అమెరికాలో ఈ పద్ధతికి అదే శ్రీకారం.

దస్తావేజుల మనిషిగా నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే. భూమి మీది హక్కు ఒకటి కాదు, అనేకం. దున్నే హక్కు, అనుభవించే హక్కు, కౌలుకిచ్చే హక్కు, తాకట్టు పెట్టే హక్కు, వారసులకిచ్చే హక్కు, కట్టడం కట్టే హక్కు. మనమూ తాకట్టులో ఒకదాన్ని, కౌలులో మరొకదాన్ని విడదీస్తూనే ఉన్నాం. వాళ్లు కట్టే హక్కు ఒక్కదాన్ని విడదీసి, దానికి ధర కట్టి, ప్రజల పేర కొన్నారు.

న్యూజెర్సీ 1981లో ఓటర్ల అనుమతితో 5 కోట్ల డాలర్ల బాండ్లు, 1983లో చట్టం తెచ్చి ఇదే పద్ధతిని రాష్ట్రమంతా పరిచింది. అది నడిచే తీరు చెబుతాను.

రైతు తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవాలి. బలవంతం లేదు. పొలం నేల ఎంత సారవంతమో, ఎంత భాగం సాగులో ఉందో, చుట్టూ ఇంకా పొలాలున్నాయో లేదో చూసి వరస నిర్ణయిస్తారు. చుట్టూ ఇళ్లు వచ్చేసిన ఒంటరి పొలం కంటే, పక్కపక్కన పది పొలాలు కలిసి ఉన్న పట్టీ మేలు అన్నది వాళ్ల లెక్క. అందులో అర్థముంది. ట్రాక్టరు షాపు, ఎరువుల దుకాణం, గింజ కొనే వ్యాపారి ఉండాలంటే ఒక్క పొలం చాలదు. ఆ తర్వాత ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు అప్రైజర్లు వచ్చి రెండేసి ధరలు కడతారు. ఈ పొలం ఇప్పుడున్న స్థితిలో అంగడిలో ఎంత పలుకుతుంది? ఇక ఎప్పటికీ పొలంగానే ఉండాలన్న షరతుతో ఎంత పలుకుతుంది? ఈ రెండింటి తేడాయే కట్టే హక్కు ఖరీదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 50 ఎకరాల పొలం. అంగడిలో ఎకరా 20 వేల డాలర్లు, షరతుతో 8 వేలు అనుకుందాం. తేడా 12 వేలు. మొత్తం 6 లక్షల డాలర్లు రైతు చేతికి వస్తాయి, పొలం చేతిలోనే ఉంటుంది. ఆ ఖర్చులో మామూలుగా 60 నుంచి 80 శాతం దాకా రాష్ట్రం భరిస్తుంది, మిగతాది కౌంటీ, టౌన్‌షిప్ వేసుకుంటాయి. షరతు దస్తావేజులోకి ఎక్కి కౌంటీ రికార్డుల్లో నమోదవుతుంది. రైతు అమ్ముకోవచ్చు, పిల్లలకివ్వవచ్చు, కౌలుకివ్వవచ్చు. ఎవరి చేతికి పోయినా షరతు భూమితో పాటే పోతుంది. షరతు పాటిస్తున్నారో లేదో ఏటా వచ్చి చూసిపోతారు.

ఆ డబ్బు ఇంటిలో ఏం చేస్తుందో తెలుగువాళ్లకు సులువుగా అర్థమవుతుంది. తండ్రి పోయాడు. ముగ్గురు సంతానం. ఒకరు దున్నుతున్నారు, ఇద్దరు పట్నంలో ఉద్యోగాల్లో ఉన్నారు. వాటా అడిగితే పొలం అమ్మడం తప్ప దారిలేదు. మన దగ్గర ఎన్ని పొలాలు పంపకాల రోజునే ప్లాట్లయ్యాయో నా బల్ల ముందు నుంచే చూశాను. కట్టే హక్కు అమ్మిన సొమ్ముతో ఆ ఇద్దరి వాటాలు తీర్చి, దున్నే ఒక్కరూ దున్నుకుంటూ ఉండవచ్చు. అప్పు తీర్చుకోవచ్చు, పక్క చెక్క కొనుక్కోవచ్చు. రైతు జీవితంలో ఒక్కసారైనా, పొలం పోగొట్టుకోకుండా పెద్ద మొత్తం చేతిలో పడుతుంది.

ఇక ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న. మా అమ్మాయి ఇంట్లో ఆస్తిపన్ను బిల్లు బల్ల మీద ఉంటే చూశాను. అక్కడ మూడు నెలలకోసారి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తేదీలకు కడతారు. బిల్లులో వరసగా గీతలు. కౌంటీ పన్ను ఒకటి, బడి పన్ను ఒకటి, అన్నిటికంటే పెద్దది అదే. టౌన్‌షిప్ పన్ను ఒకటి. వాటి మధ్య చిన్న అంకెతో 'కౌంటీ ఓపెన్ స్పేస్' అని ఒక గీత. ఇంటి పన్ను విలువలో ప్రతి 100 డాలర్లకు కొద్ది సెంట్లు. మూడు సెంట్లనుకుంటే, 4 లక్షల విలువకు ఏడాదికి 120 డాలర్లు. రాష్ట్రంలోని 21 కౌంటీలూ ఇలాంటి పన్ను పెట్టుకున్నాయి. 200కు పైగా ఊళ్లు పైన తమ వంతు వేసుకున్నాయి. ఎవరూ పైనుంచి రుద్దలేదు, ఓటు వేసి తామే తల మీద పెట్టుకున్నారు. ఆ గీత ఉండటం నాకు గొప్పగా తోచింది. కట్టేవాడికి తాను దేనికి కడుతున్నాడో తెలుస్తుంది. ఇక్కడ మనం స్టాంపు డ్యూటీ, ఇంపాక్ట్ ఫీజు, నాలా రుసుము అంటూ ఎన్నో కడుతున్నాం. అందులో ఏ రూపాయి ఏ పొలాన్ని కాపాడిందో చెప్పగల కాగితం నా ఉద్యోగకాలంలో నాకు కనబడలేదు.

రాష్ట్రస్థాయిలోనూ ఓటే. 1998లో క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ గవర్నరుగా ఉండగా, అమ్మకపు పన్ను నుంచి ఏటా 9.8 కోట్ల డాలర్లు పదేళ్లపాటు దీనికే కేటాయించాలని రాజ్యాంగ సవరణ పెట్టారు. ఓటర్లు సరేనన్నారు. పది లక్షల ఎకరాలు లక్ష్యం. 2009 నవంబరులో, ఆర్థిక మాంద్యం నడుస్తూ ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో, మరో 40 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. 2014లో కంపెనీల పన్నులో ఒక భాగాన్ని శాశ్వతంగా కేటాయించారు. రాజ్యాంగంలోకి ఎక్కించారంటే ఏమిటి? తర్వాత వచ్చే ప్రభుత్వం లోటు వచ్చిందని ఆ డబ్బును జీతాలకు మళ్లించడం అంత తేలిక కాదు. నిధి పెట్టడం ఒక ఎత్తు, ఆ నిధికి తాళం వేయడం ఒక ఎత్తు.

క్రాన్‌బరీ వైపు వెళ్తే ఇదంతా కంటికి కనబడుతుంది. టర్న్‌పైక్ 8ఏ ఎగ్జిట్ దగ్గర కిలోమీటర్ల పొడుగున గోదాములు, వరసకట్టిన ట్రక్కులు. అక్కడి నుంచి కాస్త దూరం పోగానే మొక్కజొన్న, సోయా చేలు. పొలం గట్టున, ఇది పరిరక్షించిన సాగుభూమి అని తెలిపే చిన్న బోర్డు. గోదాము చేనును మింగకుండా ఆపింది గోడా కాదు, పోలీసూ కాదు. రైతు డబ్బు తీసుకుని సంతకం పెట్టిన దస్తావేజు.

న్యూజెర్సీని స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. వాళ్లకూ ఒక 111 ఉంది. ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కొండల నీరే ఆ రాష్ట్రంలో సగానికి పైగా జనం తాగుతారు. 2004 ఆగస్టులో దాని కోసం కఠినమైన చట్టం తెచ్చారు. 88 టౌన్‌షిప్‌లు, 8.5 లక్షల ఎకరాల పైచిలుకు. అందులో దాదాపు సగంలో కొత్త నిర్మాణాలకు గట్టి కళ్లెం పడింది. మన 84 ఊళ్లు, వాళ్ల 88 ఊళ్లు! అక్కడి రైతులూ మన చేవెళ్ల, మొయినాబాద్ రైతుల మాటే అన్నారు: నీళ్లు అందరూ తాగుతారు, నష్టం మాకు. తేడా ఎక్కడుందంటే, ఆ చట్టంలోనే ఒక ఏర్పాటు ఉంది. భూమిని కొనేటప్పుడు 2004కు ముందున్న నిబంధనల ప్రకారం ఒక ధర, ఇప్పటి నిబంధనల ప్రకారం ఒక ధర కట్టి, ఏది ఎక్కువైతే దాని ఆధారంగా చెల్లించాలి. చట్టం వల్లే పడిపోయిన ధరను చూపి రైతుకు తక్కువ ఇవ్వకూడదని దాని భావం. ఆ ఏర్పాటుకు గడువు పెట్టారు, గడువు తీరినప్పుడల్లా పేచీ నడిచింది, డబ్బూ అడిగినంత లేదు. హైలాండ్స్ రైతుల అసంతృప్తి ఇంకా చల్లారలేదు. అయినా రైతుకు బాకీ ఉన్నామని చట్టం ఒప్పుకుంది. మన జీవోలో ఆ ఒప్పుకోలు లేదు.

రెండు లోపాలు గట్టిగా చెప్పాలి. ఒకటి, షరతు పడిన పొలం ధర తగ్గాలి కదా, తగ్గిన ధరకు యువ రైతు కొనుక్కోవాలి కదా. చాలాచోట్ల ధనికులు ఆ పొలాలనే విశాలమైన ఎస్టేటులుగా కొనుక్కుంటున్నారు. అంటే ప్రజల డబ్బుతో పెద్దింటి వాళ్లకు పచ్చని పెరడు సమకూరుతోంది. రెండోది ఇంకా తీవ్రం. ఖాళీ స్థలం కాపాడుతున్నామన్న పేరుతో పేదవాడి ఇల్లు ఊళ్లోకి రాకుండా అడ్డుకునే ఊళ్లున్నాయి. తక్కువ ఆదాయం వారికి ఇళ్లకు చోటివ్వని ఊళ్లను 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ కేసులో తప్పుపట్టింది. పొలం కొనే ప్రతి రూపాయి వెనుక, ఇల్లు ఎక్కడ కట్టాలన్న జవాబూ ఉండాలి. మన దగ్గర ఈ పద్ధతి తెస్తే, ఇక్కడ కొన్న హక్కుకు బదులుగా మెట్రో లైను పక్కన అంతస్తులు పెంచుకునే వీలు, అందులో పేదలకు వాటా, రెండూ ఒకే కాగితం మీద ఉండాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి, కట్టే హక్కును వేరేచోట వాడుకునేలా మనం ఇప్పటికే టీడీఆర్ పత్రాలిస్తున్నాం. న్యూజెర్సీ దక్షిణాన పైన్‌ల్యాండ్స్‌లో ఇలాంటి పత్రాలతోనే పొలాల నుంచి కట్టే హక్కును వేరేచోటికి తరలిస్తున్నారు. పనిముట్టు మనకు తెలియనిది కాదు.

తెలియనిది చట్టం వైపు ఉంది. 1882 నాటి మన ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒకరి భూమి మీద మరొకరికి ఈజ్‌మెంట్ ఉండాలంటే ఆ మరొకరికి దాని వల్ల మేలు పొందే భూమి ఉండాలి. పక్క చేనుకు దారి, నీటి కాలువ, వెలుతురు, ఇవే దాని ఊహ. పొరుగున సెంటు భూమి లేని ఒక ప్రజా సంస్థ నగరం మొత్తం తరఫున కట్టే హక్కును కొని, అది శాశ్వతంగా భూమితో పాటు నడిచేలా రాయించుకోవడానికి ఆ చట్టంలో చోటు లేదు. రాష్ట్ర శాసనసభ కొత్త చట్టం చేయాలి. అలా చేయకుండా ఇప్పుడున్న దారిలో పోతే మనకు తెలిసినది ఒక్కటే, రిజిస్ట్రేషన్లు నిలిపేసే 22-ఏ నిషేధిత జాబితా. తన సర్వే నంబరు ఆ జాబితాలో పడిందని, అమ్మడానికి వచ్చినప్పుడు మా కౌంటరు ముందు మొదటిసారి తెలుసుకున్న రైతుల ముఖాలు నేను చూశాను. కాగితం మీద అదీ ఆంక్షే, ఇదీ ఆంక్షే. ఒకటి చెప్పకుండా పడేది, మరొకటి ధర పుచ్చుకుని తానే రాసిచ్చేది.

నా ప్రతిపాదన పెద్దది కాదు. 1.32 లక్షల ఎకరాలకూ ఒకేసారి ధర కట్టగల ఖజానా ఏ ప్రభుత్వానికీ ఉండదు. మూసీ, ఈసీ వాగుల అంచున, జలాశయాలకు నీరు చేర్చే కాలువల వెంట ఉన్న పొలాలతో మొదలుపెట్టాలి. ఇష్టపడి వచ్చిన చిన్న, సన్నకారు రైతుకు మొదటి వరస. ఫామ్‌హౌస్ యజమానులకు చివరి వరస, లేదా అసలు లేదు. ధర కట్టడానికి సంబంధం లేని ఇద్దరు మదింపుదారులు, ఆ నివేదికలు గ్రామసభ ముందు చదవాలి. నిధికి ఔటర్ రింగ్ రోడ్డు లోపల జరిగే రిజిస్ట్రేషన్ల స్టాంపు డ్యూటీలో ఒక చిన్న వాటా, హైదరాబాదు ఇంటి పన్నులో ఒక చిన్న గీత. ఆ నిధిని మరో పనికి వాడకూడదని చట్టంలోనే రాయాలి. కౌలు రైతు ఉన్నచోట అతని కౌలుకు రక్షణ లేకుండా హక్కు కొనకూడదు. ఈ చివరి మాట అమెరికా నమూనాలో దొరకదు. మన పల్లెల్లో దున్నేవాడొకడు, పట్టా ఒకడిది కాబట్టి మనమే చేర్చుకోవాలి.

ఖరీదు ఎక్కువ కాదా అని అడుగుతారు. ఎక్కువే. ఒక ఫ్లైఓవరుకు, ఒక స్టేడియానికి మనం అప్పు తెచ్చి పెడుతున్నాం. దశాబ్దాల పాటు నగరం దాహం తీర్చిన నీటి పట్టుకు పెట్టడానికి వెనకాడితే, డబ్బు లేదని కాదు, ఆ రైతు మనకు లెక్కలో లేడని.

ఈ హాల్లో కూర్చున్నవారిలో ఎక్కువమంది ఆ రెండు చెరువుల నీళ్లు తాగి పెరిగినవాళ్లే. మీలో శాసనసభ్యులను కలిసే వీలున్నవారున్నారు, పత్రికల్లో రాసేవారున్నారు, కాలనీ సంఘాల పెద్దలున్నారు. 111 ఉండాలా పోవాలా అన్న వాదన మళ్లీ మీ ముందుకు వచ్చినప్పుడు, ఉండాలనేవారినీ పోవాలనేవారినీ ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: ఆ 84 ఊళ్ల రైతుకు ఎంత ఇస్తారు, ఏ పద్దు కింద ఇస్తారు? మీ వంతుగా ఇంటి పన్నులో ఏడాదికి కొన్ని వందల రూపాయలు ఎక్కువ కట్టడానికి సిద్ధమని కాలనీ సంఘంలో తీర్మానం రాసి, సంతకాలు పెట్టి పంపండి. ఇస్తామని ముందు మనం అంటేనే ఆ ఊళ్లకు వెళ్లి మాట్లాడే అర్హత మనకు వస్తుంది.